పగలు పడుకుని రాత్రి ఏడ్చిన చిట్టి

2023 వానాకాలం. ధవళేశ్వరంలో పశువైద్యురాలిగా సొంత క్లినిక్ పెట్టి అప్పటికి తొమ్మిదేళ్లు. పొడిచే గేదెలకే సూదులు వేసిన దాన్ని, ఒక కుక్కపిల్ల ఇంత తికమక పెడుతుందని అనుకోలేదు.

దాని పేరు చిట్టి, వయసు రెండు నెలలు. చేపల వ్యాపారి సత్తిబాబు ఇంటికి వచ్చి మూడు రోజులైంది. అతని భార్య ధనలక్ష్మి దాన్ని ఒళ్లో పెట్టుకుని నా ఎదుట కూర్చుంది.

"రాత్రి క్రేట్‌లో పెడితే ఒకటే ఏడుపండి డాక్టరమ్మ గారూ. మా ఆయన తెల్లారగట్ట మూడింటికే చేపల వేలం పాటకి వెళ్లాలి. నిద్ర లేక నిన్న బండి మీద తూలారంట. ఆదివారం లోపు ఊరుకోకపోతే ఇచ్చినోళ్లకే ఇచ్చేస్తానంటున్నారండి."

"ఇచ్చేస్తే ఏమవుతుంది?"

"మా అత్తయ్యగారు తట్టుకోలేరండి. మోకాళ్లు పోయి చేపల గంప దించేశాక ఆవిడ నోరు విప్పడమే మానేశారు. ఇదొచ్చాక రోజంతా దీంతోనే కబుర్లు."

క్రేట్ అంటే కుక్కపిల్ల పడుకునే కడ్డీల పెట్టె. అలవాటైతే అదే దానికి గూడు. తల్లిని వదిలి వచ్చిన పిల్ల మొదట్లో ఏడవడం మామూలే. దాన్ని మేం సెపరేషన్ డిస్ట్రెస్ అంటాం, అంటే ఒంటరినైపోయానన్న బెంగ. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. క్రేట్ మంచం పక్కన పెట్టండి, పడుకునే ముందు బయట తిప్పండి, పైన పాత గుడ్డ కప్పండి, నెలల పిల్లను చూసుకున్నట్టు చూసుకోండి.

ఆ తర్వాత నాలుగో రోజుకు ధనలక్ష్మి మళ్లీ వచ్చింది. ఏడుపు తగ్గకపోగా రెట్టింపయిందట. చిట్టి కళ్లు ఎర్రబడ్డాయి. కంటి చుక్కలు రాశాను, మలపరీక్ష చేశాను, నులిపురుగుల మందు ఇచ్చాను. ఏమీ తేలలేదు. నా క్లినిక్ క్రేట్‌లో పెడితే రెండు చుట్లు తిరిగి హాయిగా నిద్రపోయింది! ఇంట్లోనూ పగలు అలాగే పడుకుంటుందట. చీకటి పడితేనే క్రేట్ చూసి వణుకుతుందట.

"నేను చెప్పినవన్నీ చేశారా?"

"ఒక్కటీ వదల్లేదండి."

నాకు బుర్ర పనిచేయలేదు. తోటి డాక్టరుకు ఫోన్ చేస్తే నిద్రమాత్ర వెయ్యమన్నాడు. ఇంత పసిదానికా అని విసుక్కుని పెట్టేశాను.

శనివారం దీపాలు పెట్టే వేళకు నేనే వాళ్లింటికి వెళ్లాను. అత్తగారు నూకాలమ్మ పెరట్లో కాళ్లు చాపుకుని, వాటి మీద చిట్టిని పడుకోబెట్టి వేణ్ణీళ్లు పోస్తోంది. ఒళ్లు తుడిచి, దిష్టి తీసి, క్రేట్‌లో పెట్టింది. పక్కనే నిప్పుల కుంపటి పెట్టి గుప్పెడు సాంబ్రాణి వేసింది. ఆ పైన నేను కప్పమన్న గుడ్డను నాలుగు వైపులా నేల దాకా దించేసింది. లోపల చిట్టి తుమ్ములు, గోళ్లతో గీకడం వినిపించాయి.

"అయ్యో, ఏంటమ్మా ఇది?" అంటూ గుడ్డ లాగేశాను.

"మీరే కదమ్మా నెలల పిల్లలా చూడమన్నారంట. మా పిల్లలందరికీ ఇలాగే పొగేశాను. జలుబు చెయ్యదు, హాయిగా నిద్రపోతారు."

ధనలక్ష్మి వైపు తిరిగాను. "ఈ మాట నాకు చెప్పలేదేం?"

"మీరు చెప్పినవి చేశామా లేదా అనే అడిగారండి. పసిపిల్లలకి స్నానం, సాంబ్రాణి రోజూ ఉండేవే కదండీ, చెప్పడానికేముంది?"

కుక్క ముక్కు మన ముక్కు లాంటిది కాదని, ఆ పొగ దానికి నరకమని చెప్పాను. నూకాలమ్మ ముఖం పాలిపోయింది.

"అయితే ఇన్నాళ్లూ దాన్ని ఏడిపించింది నేనాండి?"

నాకు చాలా సిగ్గేసింది. "కాదమ్మా, సగం చెప్పి వదిలేసింది నేను" అన్నాను.

సత్తిబాబును బతిమాలి ఇంకో మూడు రోజులు గడువు తీసుకున్నాను. పొగ మాన్పించి, వాసన పోయేలా ఆ క్రేట్‌ను కడిగించాం. నూకాలమ్మ తన పాత చీర మడిచి అందులో పరిచింది. మోకాళ్ల నొప్పులతోనే పగలంతా క్రేట్ ముందు కూర్చుని, ముళ్లు తీసిన ఉడికించిన చేప ముక్కలు ఒక్కొక్కటే లోపల పెట్టింది.

నాలుగో రోజు పొద్దున్నే ధనలక్ష్మి ఫోన్ చేసింది. "ఇవాళ మా ఆయనకి వేలం పాట తప్పిపోయిందండి. చిట్టి ఏడుస్తుంది, మెలకువొస్తుందిలే అని అలారం పెట్టుకోలేదంట. అది తెల్లారేదాకా కిక్కురుమనలేదు!"

ఆ తర్వాత ఎవరొచ్చినా "నేను చెప్పింది చేశారా" అని అడిగి ఊరుకోవడం మానేశాను. దీపం పెట్టింది మొదలు పడుకునే దాకా ఇంట్లో ఏమేం జరుగుతుందో చెప్పమంటాను. నెలల పిల్లలా చూసుకోండి అన్న మాట మాత్రం, పిల్లల్ని పెంచిన చేతుల ముందు మళ్లీ ఎప్పుడూ అనలేదు.