నాలుగో అంతస్తులో వేపనూనె

సుబ్బరాయుడు గారు ఎవరు ఎదురుపడినా ‘బాగున్నారా’ అని అడగరు. ‘కుట్టిందా?’ అని అడుగుతారు.

కుట్టిందంటే ఎక్కడ కుట్టింది, ఎన్నింటికి కుట్టింది, అప్పుడు మీ ఒంటి మీద ఏ రంగు బట్టలున్నాయి అని ఆరా తీస్తారు. కుట్టలేదంటే ఇకముందు కుట్టకుండా ఏం చెయ్యాలో చెప్తారు. ఏం చెప్పినా చేతిలో టీ చల్లారిపోవడం ఖాయం.

అలాగని ఆయన దోమల్ని చంపే మనిషి కాదు. దోమల కాయిల్ వెలిగించరు, మందు మెషిన్ పెట్టరు, చిటపటమనే బ్యాటు చేత్తో కూడా ముట్టరు. ‘దాని బతుకు దానిది, మన నెత్తురు మనది’ అంటారు. ఆయన ఆయుధాలన్నీ వంటింట్లోనూ పెరట్లోనూ దొరికేవే.

నేను తణుకు నుంచి వచ్చి హైటెక్ సిటీలో ఈ కంపెనీలో చేరిన మొదటి రోజే ఆయన చేతికి చిక్కాను. మాది నాలుగో అంతస్తు. చుట్టూ అద్దాలు. కిటికీలోంచి చూస్తే కొత్తగూడ ఫ్లైఓవర్ మీద కార్లు చీమల బారులా కనపడతాయి. లోపల ఏసీ చలికి మనుషులు స్వెటర్లు తొడుక్కుని వణుకుతుంటారు గానీ, బల్లల కింద కేబుళ్ళ చీకట్లో దోమలు మాత్రం సుఖంగా కాపురం చేస్తుంటాయి. జమ్మలమడుగు నుంచి వచ్చిన సుబ్బరాయుడు గారు మా డేటాబేస్ సీనియర్. పాస్‌వర్డ్ కోసం ఆయన దగ్గరికి వెళ్ళాను.

“పేరేంది నాయనా?”

“చైతన్య అండి. పాస్‌వర్డ్ కోసం...”

“కుట్టిందా?”

“ఏమిటండీ?”

“సాక్సు నల్లవి ఏసుకున్యావే! నలుపంటే దోమకు పెండ్లి పిలుపు. రేపట్నుంచి తెల్లవి ఏసుకో. కాలు ఇట్లా పెట్టు.”

నేను కాలు పెట్టేలోపే ఆయన వంగి, కొబ్బరినూనెలో కలిపిన వేపనూనె నా మడమలకు రాసేశారు. ఆ సాయంత్రం హాస్టల్ గదిలోకి వెళ్తే నా రూమ్మేటు కిటికీ తెరిచి, నన్ను ఎగాదిగా చూసి, “ఏమిట్రా ఈ కంపు, ఎవరైనా పోయార్రా?” అని అడిగాడు.

వేపనూనె కంపు కొడుతోందని నలుగురూ గొణిగేసరికి రాయుడు గారు నిమ్మకాయల మీదికి మళ్ళారు. నిమ్మకాయను అడ్డంగా కోసి, ఆ చెక్క నిండా లవంగాలు గుచ్చి పెడితే ఆ వాసనకు దోమలు దగ్గరికి రావట. ఒక సోమవారం అందరికంటే ముందొచ్చి బల్లకొక చెక్క పెట్టుకుంటూ పోయారు.

ఆ సోమవారమే జీతాలు పెంచే మీటింగులు మొదలు. మా టెస్టర్ దినేష్ వచ్చి, తన కీబోర్డు పక్కన లవంగాలు గుచ్చిన నిమ్మచెక్కను చూసి కొయ్యబారిపోయాడు. అక్కడే నిలబడి వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు.

“అమ్మా, నా సీటు మీద ఎవరో నిమ్మకాయ పెట్టినారు. గుచ్చినారు కూడా.”

“ముట్టుకోవద్దు రా! తొక్కొద్దు! ఆ సీట్లో కూర్చోవద్దు!”

ఆ వారమంతా దినేష్ పాంట్రీలో టీ మెషిన్ పక్కన కూర్చుని పనిచేశాడు. పక్క టీమ్ మేనేజరు తనకు గిట్టనివాళ్ళ మీద ఆరా మొదలుపెట్టాడు. చివరికి హెచ్‌ఆర్ నీహారిక గారు ఆఫీసంతటికీ ఒక మెయిల్ పెట్టాల్సి వచ్చింది: బల్లల మీది నిమ్మకాయలు దోమల కోసం పెట్టినవనీ, సహోద్యోగుల కోసం కావనీ.

క్లయింట్లను కూడా రాయుడు గారు వదిలింది లేదు. ఒకసారి సర్వర్ పడిపోయి, అమెరికాలో ఉన్న క్లయింట్ మండిపడుతూ వీడియో కాల్లోకి వచ్చాడు. మేమంతా తలలు వంచుకుని కూర్చున్నాం. తిడుతూ తిడుతూ ఆయన మోచెయ్యి గోక్కున్నాడు. అంతే, రాయుడు గారు మైకు ముందుకు జరిగి, “మస్కిటో?” అన్నారు.

క్లయింట్ ఆగాడు. అవునన్నాడు. తన ఇల్లు చెరువు పక్కనేననీ, సాయంత్రమైతే బయట కూర్చోలేకపోతున్నాననీ మొదలుపెట్టాడు. మిగిలిన సమయమంతా నిమ్మగడ్డి ఏ దిక్కున నాటాలి, తులసి ఎంత దూరంలో ఉండాలి అనేదే చర్చ. చివర్లో ఆయన థాంక్స్ చెప్పి కాల్ పెట్టేశాడు. సర్వర్ సంగతి మేమూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు.

ఇలా నడుస్తుండగా వానలు మొదలయ్యాయి. ఆ ఏడాది దోమలు మరీ రెచ్చిపోయాయి. రాయుడు గారు కూడా మరీ రెచ్చిపోయారు. మిగతావాళ్ళ సంగతి ఎలా ఉన్నా, మా టీమ్‌లో మౌనిక కూర్చునే వరుస చుట్టూ ఆయన పహారా ఎక్కువైంది. మౌనిక నంద్యాల అమ్మాయి. మాట తక్కువ, పని ఎక్కువ. ఆమెకు నూనె మాత్రం ఇవ్వలేదు. తెల్ల సాక్సులు తెచ్చిచ్చారు, పాదాలు కప్పుకోమని పల్చటి దుప్పటి తెచ్చిచ్చారు. తమ సీమ అమ్మాయి కదా అని మేము అనుకున్నాం.

ఒక సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళిపోయాక, తెల్లారేసరికి ఆ వరుసలో దోమ ఉండకూడదని రాయుడు గారు ఇంటి నుంచి తెచ్చిన మట్టి మూకుడులో నిప్పులు వేసి, వాటి మీద సాంబ్రాణీ ఎండిన వావిలాకూ చల్లారు. పొగ కమ్మగా లేచింది. నెమ్మదిగా పైకప్పు దాకా వెళ్ళి అక్కడున్న అలారాన్ని పలకరించింది.

టవరంతా గంటలు మోగాయి. లిఫ్టులు ఆగిపోయాయి. అన్ని అంతస్తుల జనం మెట్ల మీద పరుగులు తీసి ముందున్న లాన్‌లోకి చేరారు. అప్పుడే సూర్యుడు గుంకుతున్నాడు. దోమలకు అంతకంటే మంచి ముహూర్తం ఉండదు. ఒక్కసారిగా అన్ని కంపెనీల ఉద్యోగులూ చేతులు, మెడలు, కాళ్ళు చరుచుకోవడం మొదలుపెట్టారు. దూరం నుంచి చూసినవాళ్ళు చప్పట్లు కొడుతున్నారనుకుని ఉంటారు. ఆ గుంపులో రాయుడు గారు వేపనూనె సీసా పట్టుకుని, “కుట్టిందా? చెయ్యి పట్టు. నీకు కుట్టిందా తల్లీ?” అంటూ తిరుగుతున్నారు.

బిల్డింగ్ మేనేజర్ ఓంకార్ రొప్పుతూ వచ్చాడు.

“ఏంది సార్ గిది? బిల్డింగుల నిప్పు పెడ్తరా? ఫైరింజన్ గూడ ఒచ్చేటట్టుండె! నన్ను పరేషాన్ చేస్తున్నరు గదా!”

“నిప్పు కాదప్పా, పొగ. నీ మెడ మీద ఒకటి వాలింది చూడు.”

ఓంకార్ మెడ చరుచుకుని ఇంకా కోపంగా వెళ్ళిపోయాడు.

మర్నాడు రాయుడు గారికి గట్టి హెచ్చరిక వచ్చింది. ఇంకొక్క తప్పు జరిగితే ఉద్యోగం ఉండదన్నారు. అంతటితో ఆగకుండా, అడ్మిన్ వాళ్ళు ప్రతి వరుసలోనూ ప్లగ్గుకు దోమల మందు మెషిన్లు పెట్టించారు. రాయుడు గారు మూకుడు ఇంటికి పట్టుకెళ్ళిపోయారు. బుద్ధి వచ్చిందని అందరం అనుకున్నాం.

కొద్ది రోజులకే మౌనిక వరుసలోని మెషిన్లు మాయమవడం మొదలైంది. కొత్తవి పెట్టారు. అవీ మాయం. ఓంకార్ కెమెరా తిప్పి చూస్తే, పొద్దున్నే అందరికంటే ముందొచ్చిన రాయుడు గారు వాటిని పీకి తన సొరుగులో వేసుకుంటున్న దృశ్యం స్పష్టంగా ఉంది. కంపెనీ వస్తువులు తీసుకున్నారన్నారు. పెద్ద మాటే అది. ఆయన పక్క సీటువాణ్ణి కాబట్టి సాక్ష్యానికి నన్ను కూడా నీహారిక గారి గదికి పిలిచారు.

“ఎందుకు తీశారండీ?” ఆవిడ మర్యాదగానే అడిగారు.

“ఆ మందు వాసన నాకు పడదు మేడం.”

“మీ వరుసలోవి అలాగే ఉన్నాయి కదండీ. వేరే వరుసలోవి ఎందుకు తీశారు?”

రాయుడు గారి చూపు ఆవిడ బల్ల మీదున్న గాజు గ్లాసు మీద ఉంది. అందులో నీళ్ళు, నీళ్ళలో అదృష్టం తెస్తుందని పెట్టుకున్న వెదురు మొక్క.

“రాయుడు గారూ, మీ ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాను నేను.”

“మాట్లాడండి మేడం. ఆ గ్లాసులో నీళ్ళు ఎప్పుడు మార్చినారు?”

“ఏమిటీ?”

“కొంచెం వెలుగులో పెట్టి చూడండి.”

ఆవిడ విసుగ్గా గ్లాసెత్తి కిటికీ వైపు పట్టుకున్నారు. సన్నటి దారప్పోగుల్లాంటి పురుగులు మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ ఆడుతున్నాయి. ఆవిడ కెవ్వుమని గ్లాసు వదిలేయబోతే నేను పట్టుకున్నాను.

“దోమ పిల్లలు. వారానికోసారి నీళ్ళు పారబోస్తే చాలు మేడం, పుట్టనే పుట్టవు.”

అప్పుడే తలుపు తోసుకుని మౌనిక వచ్చింది. గుమ్మంలో నిలబడి, “అన్నని ఏమీ అనొద్దు మేడం. ఆ మెషిన్లు నా కోసం తీసినాడు” అంది.

“నువ్వు పో మౌనికా, నీకు సంబంధం లేదు” అన్నారు రాయుడు గారు కంగారుగా.

“ఉంది మేడం. నాకు మూడో నెల. ఆ వాసనకి పొద్దస్తమానం వాంతులు. కిందటిసారి అందరికీ చెప్పుకున్నాక నిలవలేదు. అందుకని ఈసారి ఇంకొన్నాళ్ళు ఎవరికీ చెప్పకూడదనుకున్నాను. ఆ మెషిన్లు పెట్టకముందే ఒకరోజు అన్న నూనె సీసాతో వచ్చి కుట్టిందా అన్నాడు. నేను బాత్రూంకి పరిగెత్తినాను. అంతే, ఇంకేమీ అడగలేదు.”

నీహారిక గారు మౌనికను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు. తర్వాత రాయుడు గారి వైపు తిరిగి, “ఈ ఒక్క ముక్క చెప్తే సరిపోయేది కదండీ?” అన్నారు.

“ఆయమ్మి చెప్పుకోవాల్సిన మాట మేడం. నేనెట్లా చెప్తా?”

ఆ మధ్యాహ్నమే మెషిన్లన్నీ తీయించేశారు. నీహారిక గారు, ఓంకార్, రాయుడు గారు ముగ్గురూ కలిసి టవరంతా తిరిగి కుండీల కింద పళ్ళేలూ, ఏసీ నీళ్ళు కారే బకెట్లూ బోర్లించారు. తిరిగినంతసేపూ ఓంకార్ “మీ ఫికర్ ఏందో నాకు ఇప్పుడు సమజైంది సార్” అంటూనే ఉన్నాడు.

చలి తగ్గాక మౌనికకు పాప పుట్టింది. బాచుపల్లిలో వాళ్ళ ఇంటి డాబా మీద నామకరణం విందు పెట్టారు. చుట్టూ ఖాళీ ప్లాట్లు, పిచ్చిమొక్కలు. పాప కింద గదిలో తెర కట్టిన ఊయలలో భద్రంగా నిద్రపోతోంది గానీ, పొద్దు వాలేసరికి డాబా మీద భోంచేసే మా అందరి పనీ అయిపోయింది. ఒక చేత్తో బొబ్బట్టు, ఇంకో చేత్తో దెబ్బ. రాయుడు గారొక్కరే పొట్టి చేతుల చొక్కాతో, అసలు కదలకుండా, తృప్తిగా పులిహోర తింటున్నారు.

ఆయన భార్య జయమ్మ గారు నా పక్కనే కూర్చున్నారు.

“ఏం నూనె రాసుకున్నారండీ ఈవేళ? ఒక్కటీ వాలట్లేదు” అన్నాను.

“యా నూనే ల్యాదు నాయనా. ఆయన్ను దోమలు కుట్టవు. పుట్టినప్పట్నుంచి అంతే. పెండ్లయినాక నేనూ చూస్తాండా గదా, ఒక్కటంటే ఒక్కటి ముట్టలేదు.”

నేను బొబ్బట్టు కింద పెట్టేశాను. “మరి ఈ వేపనూనె, నిమ్మకాయలు, సాంబ్రాణి...”

“ఆయన్ను వదిలిపెట్టినవన్నీ నన్ను పీక్కతింటాండె. కొత్తగా కాపురానికొచ్చిన దినాల్లో తెల్లారి నా మొహం చూసి ఏడ్చినంత పని చేసినాడు. ఆపొద్దు మొదలుపెట్టినాడు. నా కోసం చేసి చేసి, ఇప్పుడు ఊరందరికీ చేస్తాండాడు.”

“మీకు పనిచేసిందా అండీ?”

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

“పని చేస్తాది గానీ, నాకా వేప వాసన పడదు నాయనా. ఇన్నేండ్లుగా ఊపిరి బిగబట్టుకోని రాయించుకుంటాండా. ఆయనకు చెప్పొద్దు, బాధపడతాడు.”

ఇంతలో రాయుడు గారు అక్కణ్ణుంచే కేకేశారు. “జయా, ఆడ కూర్చున్యావేంది? ఈడికి రా, ఈ పక్క దోమల్లేవు!”

ఆవిడ నవ్వుకుంటూ లేచి వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నారు. కూర్చోగానే చెయ్యి గోక్కున్నారు. రాయుడు గారు తన విస్తరి పక్కకు జరిపి, ఒక ఖాళీ పేపరు పళ్ళెం అందుకుని, పులిహోర సంగతి మర్చిపోయి ఆవిడకు విసరడం మొదలుపెట్టారు.