మధ్యలో ఎవరన్నా ముట్టుకున్నారా?

ఏ పని చేయబోయినా చంద్రరావు ముందు ఒక్కటే అడుగుతాడు. “నేను చూశాక దీన్ని ఎవరన్నా ముట్టుకున్నారాండి?”

ఆత్రేయపురం పూతరేకుల సంఘంలో అతను కంప్యూటరు చూస్తాడు. ఎవరికి పని ఇవ్వాలో రాసే జాబితా ఒక్కటే. దాన్ని ఆఫీసులో అతనూ, ఇంటి దగ్గర ఫోనులో కార్యదర్శి బుల్లిరాజుగారూ తెరుస్తారు. ఒకరు మార్చింది చూడకుండా ఇంకొకరు సేవ్ నొక్కితే మొదటి రాత గల్లంతే. అందుకని చంద్రరావు ప్రతి పేరు పక్కనా ఒక నంబరు పెట్టాడు. ఆ పేరులో ఏం మార్చినా నంబరు ఒకటి పెరుగుతుంది. మీరు తెరిచాక నంబరు మారిందంటే కంప్యూటరు సేవ్ చేయదు, మళ్లీ చూడమంటుంది. ఎవరు ఏ పేరు తెరిచారో కూడా చూపిస్తుంది.

ఆ జబ్బు ఇంటికీ పట్టుకెళ్లాడు. పులుసు గిన్నె మూత మీద సుద్దతో నంబరు వేసేవాడు. ఓ రోజు భార్య సూర్యకళ ఉప్పు వేసి నంబరు మార్చడం మరిచిపోయింది. అతనూ వేశాడు. ఆ పులుసు వాసన చూసిన పిల్లి మూడు రోజులు మా వీధికి రాలేదు.

“చూశావా కళా? నంబరు మార్చకపోతే ఇదే!” అంటూ మజ్జిగన్నం తిన్నాడు, ఎన్నికల్లో గెలిచినంత ఆనందంగా.

సెలూన్లో సగం గడ్డం గీయించుకుని ఫోను కోసం బయటికెళ్లి వచ్చినా అదే ప్రశ్న.

“మీ గడ్డం ఎవరెత్తుకుపోతారండీ బాబూ!” అన్నాడు సెలూను అబ్బులు.

బుల్లిరాజుగారికి మాత్రం ఇదంతా ఒళ్లుమంట. సంఘంలో పనిచేసే వీరవేణి చేతికి వేడి కుండ తగిలి కాలింది, మూడు వారాలుగా రేకు తీయడం లేదు. పెళ్లిళ్ల ఆర్డర్లు నెత్తిమీదున్నాయి. ఆవిడ పేరు కొట్టేద్దామని ఆ పొద్దున ఫోను తెరిచారు. పేరు పోతే మళ్లీ చేరడానికి ఏడాది ఆగాలి. ఆవిడకి ఆ పని తప్ప ఇంకోటి రాదు.

ఆయన ఏదీ ఒక్క ఊపున చేయరు. పెసరట్టు తినొచ్చి నొక్కారు. ఆవిడ పేరు పక్కన నంబరు పద్నాలుగు కాస్తా పదిహేనైంది, సేవ్ కాలేదు. చదవకుండానే మళ్లీ తెరిచి, కాఫీ తాగి నొక్కారు. పదహారు! కళ్లజోడు వెతుక్కొచ్చి నొక్కారు. పదిహేడు!

ఎగశ్వాసతో ఆఫీసులోకి వచ్చిపడ్డారు. “మధ్యలో ఎవడయ్యా ముట్టుకున్నది?”

“నేనేనండి,” అన్నాడు చంద్రరావు.

“ఏం మార్చావు?”

“చదవండి.”

మొదట, ‘వీరవేణి ఇంటికెళ్లాను. చేయి మానింది.’ దాని కింద, ‘నిజంగానే మానింది.’ దాని కింద, ‘నా ఎదురుగానే రేకు తీసింది. పల్చగా వచ్చింది. తిన్నాను కూడా.’

“ఇదంతా ఒక్కసారే రాయొచ్చుగా?”

“రాయొచ్చండి. మీరు చదవకుండా నొక్కేస్తున్నారు కదండీ. మీ పొద్దుటి అలవాట్లు నాకు తెలియవాండి? పెసరట్టుకి ఒకటి, కాఫీకి ఒకటి, కళ్లజోడుకి ఒకటి రాశాను.”

బుల్లిరాజుగారికి సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది. కుర్చీ లాక్కుని, వీరవేణి పేరు ఎదురుగా ‘గురువారం నుంచి పని’ అని తనే టైపు కొట్టారు. సేవ్ దగ్గరికెళ్లిన వేలు ఆగిపోయింది.

“ఏవయ్యా, మధ్యలో ముట్టుకోలేదు కదా?”

“లేదండి. నొక్కేయండి.”