తూర్పు హద్దు గెడ్డ

నా చిన్నప్పుడు ఒక వేసవి సెలవులన్నీ కిటికీ ఊచల వెనకే గడిచాయి. కంచిలి దగ్గర మా ఊరు. మా నాన్న సంస్కృతం మాస్టారు. రామశబ్దం మొత్తం తప్పులేకుండా అప్పజెప్పేదాకా గడప దాటొద్దన్నారు. 'రామస్య' దగ్గరికి వచ్చేసరికి నా నోరు తడబడేది. బయట పిల్లల అరుపులు వింటూ ఏడ్చేదాన్ని.

పక్కింటి అక్క కూడా ఆ వేసవి ఇంట్లోనే చిక్కుకుపోయింది. విశాఖలో సంస్కృతం, పాత తెలుగు, శాసనాలు, చరిత్ర కలిపి డిగ్రీ చదివేది. ఇప్పుడు మా మనవరాలి కాలేజీలో ఆ చదువుని ఏదో పెద్ద పేరు పెట్టి పిలుస్తున్నారు. అప్పట్లో దానితో ఏ ఉద్యోగం వస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఒక్క ఏడాది మిగిలి ఉండగా వాళ్ల నాన్నగారు ఇక పంపనన్నారు, టెక్కలిలో టైపు నేర్చుకోమన్నారు. అక్క మాత్రం సర్దిన పెట్టె విప్పలేదు.

ఒక రోజు నా పాఠం తను అప్పజెప్పించుకుంటానని మా నాన్నని ఒప్పించి, నన్ను వాళ్ల కొబ్బరితోటకి తీసుకెళ్లింది. అక్కడ సగం ఇసుకలో దిగబడిన రాయి ఒకటి ఉంది. అక్క దాన్ని కడిగి, బియ్యప్పిండి రుద్దింది. అక్షరాలు తెల్లగా తేలాయి. కూడబలుక్కుని చదువుతుంటే ఒక పేరు చివర 'స్య' అని వినిపించింది. 'రామస్య' అంటే రాముడిది అన్నట్టు, ఇది ఆయనదా అని అడిగాను. అక్క నావైపు తిరిగి, "ఔనే, ఈ నేల ఆయనదట" అంది. నన్ను ఏడిపించిన మాట నాతో మాట్లాడటం అదే మొదలు.

ఆ రాతలో తూర్పు హద్దు గెడ్డ, అంటే చిన్న వాగు, అని ఉంది. తూర్పున జీడిచెట్లే తప్ప నీళ్ల జాడ లేదు. తప్పు చదివానేమోనని అక్క మళ్లీ మళ్లీ చూసింది. చివరికి జీడిపిక్కలు ఏరుతున్న ముసలమ్మని అడిగింది.

"గెడ్డ ఉండీది బుల్లీ. మా అత్త ఇక్కడే బట్టలుతికీది. తుపానుకి ఇసక కప్పీసినాది."

తను చదివింది తప్పు కాదన్నమాట. అక్క కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం ఇదంతా వాళ్ల నాన్నగారికి చెప్పింది. ఆయన శ్రద్ధగానే విన్నారు. "బాగుందమ్మా. మరి కూడెడతాదేటి ఈ సదువు?" అన్నారు.

మర్నాడు నేను రామశబ్దం తప్పులేకుండా అప్పజెప్పాను. మా తలుపు తీశారు. అక్క మాత్రం మళ్లీ విశాఖ వెళ్లలేదు. టెక్కలిలో గుమాస్తాగా చేరి, అక్కడే రిటైరైంది. ఆ రాయి ఊసు ఆవిడ నోట మళ్లీ నేను వినలేదు.

పెద్దయ్యాక నేను ఆ చదువే చదివి పాఠాలు చెప్పాను. పాత మాట అర్థంకాకపోతే ఆ నేల మీద పనిచేసేవాళ్లని అడగాలని అక్క దగ్గరే నేర్చుకున్నాను. కానీ నన్ను వదలనిది ఇంకొకటి. మా నాన్న అంత చదువుకున్నవారై ఉండీ, గోడ అవతలికి వెళ్లి అక్క తరఫున ఒక్క మాట చెప్పలేదు. అందుకే ఈ చదువులో చేరిన ఆడపిల్ల ఎవరైనా నా దగ్గరికి వస్తే ముందు పుస్తకం తీయను. మీ ఇంట్లో చదవనిస్తున్నారా అని అడుగుతాను. లేదంటే చెప్పులేసుకుని వాళ్లింటికి బయలుదేరతాను.