జెండాకు రెండు వైపులా

జానిన్ లెవెక్ పోయిందని ఈ చలికాలం మా ఊరి పేపర్లో నాలుగు వరుసలు వేశారు. బిడ్డెఫోర్డ్‌లో పుట్టింది, బిడ్డెఫోర్డ్‌లోనే పోయింది, పిల్లలు లేరు, భర్త నార్మండ్ ఉన్నాడు, జెండాల కొట్టులో పని చేసింది. నలభై రెండేళ్ళని ఆ చివరి ముక్కలో సర్దేశారు. ఆమె పోతే నార్మండ్ ఉంటాడని ఎవరూ అనుకోలేదు. నార్మండ్ కూడా అనుకోలేదు.

పాత బట్టల మిల్లు మూడో అంతస్తులో, నది వైపు కిటికీలున్న గదిలో, విట్‌కమ్ వాళ్ళు జెండాలు కుట్టించేవారు. జానిన్ పంతొమ్మిదో ఏట అందులో చేరింది. అమెరికా ఈశాన్య మూలనున్న మా మెయిన్ రాష్ట్రపు జెండా ఎలా ఉంటుందో ఆ రాష్ట్రంలో పుట్టినవాళ్ళని అడిగినా సగంలో తడబడతారు. నీలం గుడ్డ, దాని నడుమ రాష్ట్ర ముద్ర. ముద్రలో ఒక పక్క కొడవలి పట్టిన రైతు, ఇంకో పక్క లంగరుకి ఆనుకున్న నావికుడు, మధ్యన పైన్ చెట్టు, చెట్టు కింద పడుకున్న మూస్ దుప్పి, పైన నక్షత్రం, నక్షత్రం కింద లాటిన్‌లో 'డిరిగో', అంటే 'దారి చూపుతాను', అన్న మాట. ఇదంతా రంగురంగుల ముక్కలుగా కత్తిరించి, ఒకదాని మీద ఒకటి అతికి, అంచులు దగ్గరదగ్గరగా కుట్టాలి. ఒక్కొక్కరిది ఒక్కో బొమ్మ. రైతు ఫెర్నాండ్‌ది, నావికుడు క్లోడెట్‌ది, దుప్పి జానిన్‌ది.

ఆ గదిలో పేర్లతో పిలుచుకోవడం తక్కువ.

"ఏవే, రైతు ఇవాళ రాలేదేం?"

"రైతుకి పంటి నొప్పిట."

"మరి నావికుడో?"

"నిన్న రాత్రి కోడలికి కాన్పు. దుప్పీ, నువ్వే చెప్పాలి ముసలి విట్‌కమ్‌కి, ఇవాళ ముద్ర పూర్తి కాదని."

కష్టమంతా రెండు వైపులా చదవగలిగేలా కుట్టడంలో ఉంది. ఒక గుడ్డ మీద కుట్టి వదిలేస్తే వెనకనుంచి అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. రైతు నావికుడి చోటికి, నావికుడు రైతు చోటికి పోతారు. అందుకని విట్‌కమ్ కొట్టులో ముద్రని రెండు సార్లు కుట్టి, మధ్యలో నల్లటి గుడ్డ పెట్టి, వీపుకి వీపు ఆనించి కలిపేవారు. ఒక జెండాకి రెండు దుప్పులు, ఎనిమిది మడిచిన కాళ్ళు. ఆ కాళ్ళే జానిన్ వేళ్ళు తినేశాయి. యాభై దాటాక కుడిచేతి కణుపులు వాచిపోయి ఉంగరం దిగలేదు, సబ్బు రాసినా దిగలేదు. అంత బరువు మోసే జెండా మామూలు గాలికి కదలదు, తుఫాను రావాలి. జానిన్ దాన్ని తడి కంబళి అనేది.

"నిద్రపోతున్న దుప్పికి ఇద్దరు మగాళ్ళు కాపలా, ఇద్దరి మొహాల్లోనూ ఒక్కటే దిగులు, అది లేస్తే ఏం చెయ్యాలా అని. ఇదేం జెండానే ఫెర్నాండ్?"

ఫెర్నాండ్ దుప్పిని చూస్తే నవ్వేది కాదు గానీ జానిన్ మాటకి మాత్రం కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వేది. ఇద్దరూ ఒకే వీధిలో పెరిగారు, ఒకే చర్చిలో మొదటి ప్రసాదం తీసుకున్నారు. శనివారం బీన్స్ ఒకరింట్లో ఉడికితే గిన్నె రెండో ఇంటికి నడిచేది. జానిన్ మగనికి ఊపిరితిత్తులు పాడై షూ ఫ్యాక్టరీ మాన్పించిన ఏడు, నార్మండ్ ఆక్సిజన్ సిలిండర్ మొదటిసారి మెట్లెక్కించింది ఫెర్నాండే.

ఈ ముద్ర జెండాకి ముందు ఇంకో జెండా ఉండేదని జానిన్‌కే మొదట తెలిసింది. మా తాతల కాలంలో కొన్నేళ్ళు ఎగిరి ఆగిపోయిన జెండా. మీగడ రంగు గుడ్డ, మధ్యలో ఒక పైన్ చెట్టు, మూల నీలం నక్షత్రం, అంతే. ఎవరో పాతది ఒకటి బాగుచెయ్యమని తెస్తే జానిన్ బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది.

"ఇది చూడవే. ఒక్క చెట్టు. ముందునుంచీ చెట్టే, వెనకనుంచీ చెట్టే. ఇది కుట్టినవాళ్ళకి బుర్ర ఉంది."

"నీకే ఏదైనా నచ్చిందంటే అద్భుతమే. నువ్వు పోప్‌ని కూడా ఏదో ఒకటి అంటావు."

ఫెర్నాండ్ అరవయ్యో పుట్టినరోజుకి జానిన్ ఆ చెట్టు జెండా ఒకటి కుట్టి ఇచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళల్లో, పని గుడ్డ కాకుండా తనే కొన్న గుడ్డ మీద. చెట్టు కింది కొమ్మ ఒకటి ఎడమవైపు కాస్త వంగి ఉంటుంది. చెయ్యి జారలేదు. ఫెర్నాండ్ వాళ్ళ పెరట్లో చెట్టుకి అలాంటి కొమ్మ ఉంది.

తర్వాత రెండు మూడేళ్ళలో ఆ చెట్టు అంతటా మొలిచింది. టోపీల మీద, కార్ల వెనక, బీరు సీసాల మీద. చివరికి అదే రాష్ట్రపు జెండా కావాలని బిల్లు పెట్టారు, ప్రజల ఓటుకి వదలాలన్నారు. కుట్టు గదిలో ఆ రోజు ఫెర్నాండ్ డోనట్లు తెచ్చింది.

ముసలి విట్‌కమ్ అప్పటికి లేడు. కొడుకు కర్టిస్ నడుపుతున్నాడు. అతను గోచీ గుడ్డతో ఆ గది నేల మీద పాకడం జానిన్‌కి గుర్తు. ఓ సాయంత్రం అతను ఆమెని ఆఫీసు గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"జానిన్, చెట్టు ఎంతసేపట్లో కుడతారు మీరు?"

"పావుగంట. టీ తాగుతూ."

"అదే నా బాధ. మీరు పావుగంటలో కుడితే మిషను అరనిమిషంలో కుడుతుంది. ముద్ర పోయిందంటే ఈ గది ఎందుకు? ఆరుగురు ఎందుకు? రాజధానిలో, ఆగస్టాలో, విచారణ ఉంది. చేత్తో కుట్టేవాళ్ళు ఒక్కరు లేచి మాట్లాడితే శాసనసభ వాళ్ళు వింటారు."

"ఫెర్నాండ్‌ని అడుగు. నోరు ఆవిడది బాగుంటుంది."

"ఆవిడ చెట్టు పార్టీ. మీరు చెప్పండి." కాగితాలు సర్దుతూ అడిగాడు. "నార్మండ్‌కి అరవై అయిదు ఎప్పుడు?"

ప్రభుత్వ వైద్యం అందే ఆ వయసుకి ఇంకా మూడేళ్ళు ఉంది. ఆ మూడేళ్ళూ నార్మండ్ మందులు, సిలిండర్లు, బాస్టన్‌లో చూసే డాక్టరు, అన్నీ ఈ ఉద్యోగంతో వచ్చే ఇన్సూరెన్స్ మీదే. కర్టిస్ ఆ మాట అనలేదు. అనాల్సిన పని లేదు.

విచారణకి వెళ్ళే ముందురోజు ఫెర్నాండ్‌కి చెప్పింది, దారం తెంపుతూ, తలెత్తకుండా.

"దేనికోసం మాట్లాడతావు? దుప్పికోసమా? నువ్వా?"

"గదికోసం."

"నలభై ఏళ్ళు నా చెవిలో పోసిందంతా ఏం చెయ్యనే మరి? నేనూ వస్తున్నా ఆగస్టాకి. చెట్టుకోసం పేరు ఇచ్చేశాను."

"నీకు అరవై అయిదు నిండాయి. నీ మందులు ప్రభుత్వం చూసుకుంటుంది. నిజం చెప్పడం నీకు తేలికే."

ఫెర్నాండ్ రైతు కొడవలిని బల్ల మీద పెట్టేసి కోటు తొడుక్కుని వెళ్ళిపోయింది. అప్పటికి ఇంకా రెండు గంటల పని ఉంది.

ఆగస్టాలో ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఎదురుగా చిన్న దీపం: పచ్చ, పసుపు, ఎరుపు. జానిన్ కంటే ముందు మాజీ సైనికుల టోపీ పెట్టుకున్న పెద్దాయన లేచి, జెండా మీద ప్రతి చిన్న బొమ్మకీ తన మనవలకి అర్థం చెబుతానన్నాడు. "ఆ దుప్పి తలెత్తి ఎలా నిలబడిందో మనమూ అలాగే నిలబడాలి!" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అది నిలబడలేదు, పడుకుంది. దాని మడిచిన కాళ్ళు జానిన్ ఎన్ని వేలు కుట్టిందో. ఈయన ఒక్కసారీ చూడలేదన్నమాట. కానీ ఈయన తన పక్షం. చప్పట్లు కొట్టింది.

తన వంతు వచ్చాక కర్టిస్ రాసిచ్చిన కాగితం చదివింది. ముద్ర కుట్టేటప్పుడు గౌరవంతో తన చేతులు వణుకుతాయని అందులో ఉంది. చేతులు వణకడం నిజమే. దానికి మాత్రలు కూడా వేసుకుంటుంది. పచ్చ దీపం పసుపు కాకముందే చదవడం అయిపోయింది. శాసనసభ సభ్యురాలు ఒకామె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

నాలుగు పేర్ల తర్వాత ఫెర్నాండ్‌ని పిలిచారు. ఆవిడ మైకు దగ్గరికి వచ్చి, తన కాగితం మడత విప్పి, మళ్ళీ మడిచింది. వెనక్కి తిరిగి జానిన్ ఎక్కడుందో వెతుక్కుంది.

"నేను చెప్పాలనుకున్నవన్నీ నాకు ఆవిడ నేర్పినవే. నాకు సొంత మాటలేం లేవండీ. ఆవిడ్నే అడగండి," అని వచ్చి కూర్చుంది. దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది.

జానిన్‌ని ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ వేసవిలో ఫెర్నాండ్ పని మానేసింది. రైతుని కొత్తగా చేరిన అమ్మాయి కుట్టింది, మొహం మీద కుట్లు ఎక్కువై అతనికి గవదబిళ్ళలు వచ్చినట్టుండేది. శనివారాలు బీన్స్ గిన్నె నడవడం ఆగింది. చర్చిలో ఇద్దరూ చెరో వరసలో కూర్చునేవారు. శాంతి చెప్పుకునే వేళ ఫెర్నాండ్ ముందువాళ్ళకి చెయ్యిచ్చి, వెనక్కి తిరిగేది కాదు. క్రిస్మస్‌కి జానిన్ పంది మాంసం కూరిన రొట్టె కాల్చి, గుడ్డలో చుట్టి, వాళ్ళ గుమ్మం దాకా వెళ్ళి, తలుపు కొట్టకుండా తిరిగి తెచ్చేసింది.

"ఇదెవరు తింటారే ఇంత?" అన్నాడు నార్మండ్.

"నువ్వే తిను. నీకోసమే కదా అంతా."

ఆ మాట అన్నందుకు రెండు రోజులు ఆమెకి నిద్ర పట్టలేదు.

మరుసటి ఏడాది నవంబరులో ఓటు జరిగింది. చర్చి కింద హాల్లో, రేకు తెరల వెనక, కాగితం మీద గడి నింపాలి. అక్కడ కర్టిస్ లేడు, దీపం లేదు. చెట్టుకి వేసినా ప్రపంచంలో ఎవరికీ తెలియదు. జానిన్ కలం పట్టుకుని చాలాసేపు నిలబడింది. ఒకవేళ ఒక్క ఓటుతో పోతే? ఆ ఒక్కటీ తనదైతే? పాత జెండాకే వేసింది.

ఒక్క ఓటుతో కాదు, వేలకు వేల ఓట్ల తేడాతో చెట్టు ఓడిపోయింది. నూటికి యాభై అయిదు మంది దుప్పిని ఉండనిమ్మన్నారు. టీవీలో అంకెలు చూస్తూ నార్మండ్, "గెలిచావే!" అన్నాడు. జానిన్ ఆ అంకెలనే చూస్తూ కూర్చుంది. తను వెళ్ళకపోయినా అవి అలాగే ఉండేవి. ఆగస్టాలో నోరు విప్పకపోయినా, ఓటే వెయ్యకపోయినా, ఫెర్నాండ్ పక్కన కూర్చుని ఆ టోపీ ముసలాయన్ని చూసి నవ్వుకున్నా అలాగే ఉండేవి.

జనవరిలో గుమ్మం ముందు మంచు తోస్తూ ఫెర్నాండ్ కూలబడి అక్కడే చనిపోయింది. నేల గడ్డకట్టి ఉంది కాబట్టి, మా వైపు చలికాలంలో పోయినవాళ్ళని ఉంచినట్టే, పెట్టెని స్మశానం దగ్గర రాతి గదిలో వసంతం దాకా ఉంచారు.

ఫిబ్రవరిలో కర్టిస్ అందరినీ కిటికీల దగ్గర నిలబెట్టి చెప్పాడు. ముద్ర దక్కింది, దేవుడి దయ. కానీ జెండా మీద ఏముండాలో చట్టంలో ఉంది గానీ కుట్టాలని ఎక్కడా లేదు. ఇప్పుడు అచ్చు మిషన్లు ఎంత బాగా వేస్తున్నాయంటే దుప్పి కనుబొమలు కూడా కనిపిస్తాయి. ఆర్డర్లన్నీ అటే పోతున్నాయి, అతనేం చెయ్యగలడు? నెలాఖరుకి గది మూత.

"మరి ఆగస్టాలో నేను చదివిందో?" అంది జానిన్.

"చాలా బాగా చదివారు జానిన్. అందరూ ఇప్పటికీ అంటారు."

ఆఖరి రోజు ఒక్కొక్కరికీ అట్టపెట్టెలో ఒక జెండా ఇచ్చాడు, జ్ఞాపకంగా. కొత్త రకం, అచ్చుది. చేతిలో పట్టుకుంటే బరువే లేదు. జానిన్ కిటికీ వెలుగులో తిప్పి చూసింది. వెనకవైపు అక్షరాలు తిరగబడి ఉన్నాయి. రైతు నావికుడి చోట ఉన్నాడు.

"కర్టిస్, ఇది వెనకనుంచి తప్పు."

"ఎవరు చూస్తారండీ వెనకనుంచి?"

దాన్ని మడిచి పెట్టెలో పెట్టి, కిటికీ గట్టు మీద వదిలేసి మెట్లు దిగింది. వారం తిరక్కుండా సూపర్‌మార్కెట్‌లో మాంసం కోసే కౌంటరు దగ్గర చేరింది, ఇన్సూరెన్స్ ఇస్తారంటే. ఆ వాచిన చేతులతో హ్యాం ముక్కలు పల్చగా కోసి ఇచ్చేది. ఊళ్ళో సగం మందికి కోసి ఇచ్చింది.

మే నెలలో నేల మెత్తబడ్డాక ఫెర్నాండ్‌ని పూడ్చారు. పది మంది కంటే ఎక్కువ లేరు. మేనకోడలు కనెక్టికట్ నుంచి వచ్చింది, ఊళ్ళో ఎవరూ తెలియని పిల్ల. పెట్టె మీద మీగడ రంగు జెండా కప్పి ఉంది. జానిన్ కౌంటరు చొక్కా మీదే కోటు వేసుకుని వచ్చి వెనకాల నిలబడింది. అంత దూరాన్నించీ కింది కొమ్మ కనిపించింది, ఎడమవైపు వంగినది.

ప్రార్థన అయ్యాక మేనకోడలు జెండా తీసి ఒక్కతే మడవబోయి, దిక్కులు చూసింది. "కొంచెం అటు చివర పట్టుకుంటారా అమ్మా?"

జానిన్ పట్టుకుంది. గాలి పెద్దగా లేదు. అయినా గుడ్డ ఇద్దరి మధ్యా లేచి, పడి, మళ్ళీ లేచింది. ముందూ చెట్టే, వెనకా చెట్టే. అంచు కుట్టు మీద బొటనవేలు పెట్టి చూసుకుంది. ఒక్క పోగు ఊడలేదు.

"దీన్ని దేవుడి పటంలా చూసుకునేది మా అత్త," అంది ఆ పిల్ల. "ఎవరో స్నేహితురాలు కుట్టి ఇచ్చిందట. పేరు అడిగితే చెప్పలేదు. ఆవిడ పోయిందేమో మరి."

"అయ్యుంటుంది," అంది జానిన్. తన చివర ఆ పిల్ల చేతిలో పెట్టి, "మంచి కుట్టు. జాగ్రత్తగా ఉంచుకో," అని చెప్పి, రెండింటికి డ్యూటీ ఉందని గేటు వైపు నడిచింది.