ఐదో కిలోమీటరు గీత

ఇరవై రెండేళ్ళ సర్వీసులో టవరాయన తప్పు చేశాడని ఎవరూ అనలేదు. అనే సందు ఆయన ఇవ్వలేదనడం ఇంకా నిజం. సెల్ టవర్ల దగ్గర డబ్బాలు బిగించడం, వాటికి అంకెలు ఎక్కించడం, ఫిర్యాదు వస్తే వెళ్ళి చూడడం ఆయన పని. ఊరంతా టవరాయన అనే పిలిచేది, విసుగొస్తే ఇంటావిడ కూడా. మనిషి చెడ్డవాడేం కాదు. రికార్డులో ఏముంటే అదే నిజమనుకుంటాడు, అదొక్కటే ఆయన జబ్బు.

ఆ జబ్బే నాలుగేళ్ళ కిందట తోడబుట్టినదాన్ని దూరం చేసింది.

టవరు రిజర్వాయరుకు ఇవతల, ఊళ్ళో ఉంది. అక్క ఇల్లు అవతలి గట్టున, పదకొండు ఇళ్ళ వరసలో చివరిది. మధ్యలో ఎనిమిది కిలోమీటర్ల నీళ్ళు. ఒక ఉదయం బావ పళ్ళు తోముకుంటూ తోముకుంటూ కుప్పకూలాడు. అటువైపు ఉన్నవన్నీ తెడ్ల పడవలే. తమ్ముడు ఇటునుంచి మోటారు పడవ పంపిస్తాడని అక్క ఫోన్ చేసింది. గంటసేపు చేస్తూనే ఉంది. చివరికి పక్కింటాయన పడవలో మొగుణ్ణి పడుకోబెట్టుకుని బయల్దేరింది. ఆ హడావుడిలో ఫోన్ నీళ్ళపాలైంది. గట్టు చేరేసరికి రెండు గంటలు దాటింది. బావ బతికాడు గాని, కుడిచెయ్యి పోయింది, మాట సగం పోయింది.

"గంటసేపు చేశానురా, కలవలేదు" అంది అక్క ఆస్పత్రి వరండాలో.

టవరాయన ఫోన్లో మిస్డ్ కాల్ లేదు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. ఆఫీసుకు ఫోన్ చేసి రికార్డు వెతికించాడు. ఆ ఉదయం అక్క నంబరు నుంచి ఒక్క కాల్ కూడా బయల్దేరలేదని తేలింది. పెదనాన్న, అక్క అత్తగారు, పక్కింటాయన అందరూ అక్కడే ఉండగా అన్నాడు: "మీ ఇంట్లో నాలుగు గీతల సిగ్నల్ నేనే చూశాను. అంత సిగ్నల్ ఉండి కాల్ పోలేదంటే నమ్మడానికి నేనేం చెవిలో పువ్వు పెట్టుకోలేదు. కంగారులో చెయ్యడం మర్చిపోయి, ఇప్పుడు నా మీద పెట్టకు."

అక్క ఆయన మొహంలోకి చూసి "సరేరా" అంది. ఆ తర్వాత ఆయనతో మాట్లాడలేదు. బావను చూడ్డానికి రెండుసార్లు వెళ్తే, రెండుసార్లూ టీ గ్లాసు ముందు పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సిగ్నల్ ఉంటుంది, కాల్ పోదు అని ఆ పదకొండు ఇళ్ళవాళ్ళూ మొత్తుకుంటూనే ఉన్నారు. ఫోన్ ఆపి మళ్ళీ వేసుకోండి అని ఆఫీసు జవాబిస్తూనే ఉంది. వాటిలో మూడు జవాబులు టవరాయనవే. ఇంతలో అవతలి గట్టున చేపల కంపెనీ ఒకటి వచ్చింది. దాని మేనేజరు ఒక్క ఉత్తరం రాశాడు. నాలుగేళ్ళు చీమ కుట్టినట్టు కూడా లేని ఆఫీసు మర్నాడే మోటారు పడవ మాట్లాడింది. పరీక్ష ఫోన్లు సంచిలో వేసుకుని టవరాయన పడవెక్కాడు.

నీళ్ళ మధ్యకు వచ్చాక పడవవాడు ఇంజను ఆపేశాడు.

"ఫోన్ చేసుకునేదుంటే ఇక్కడ చేసుకోండి సార్. ఇంకాస్త పోతే కలవదు."

"సిగ్నల్ నిండా ఉందిగా?"

"ఉంటుంది సార్, చూసుకోడానికి. ఇక్కడ కలుపుకుంటే ఇంటిదాకా మాట్లాడుకుంటూ పోవచ్చు. మధ్యలో పెట్టేశారా, అంతే సంగతులు."

"నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేముంది సార్? ఈ నీళ్ళ మీద తిరిగేవాళ్ళందరికీ తెలుసు. రోజూ ఇక్కడ ఆపుతాను, మాట్లాడుకునేవాళ్ళు మాట్లాడుకుంటారు."

టవరాయన నవ్వుకున్నాడు. నవ్వుకుంటూనే పడవను వంద గజాలు ముందుకు పోనిమ్మని, అక్కణ్ణుంచి ఫోన్ చేసి చూశాడు. కలవలేదు. నాలుగు గీతలూ ఉన్నాయి, కాల్ కలవలేదు. వెనక్కి వస్తే కలిసింది. పడవను ఎడమకు పోనిచ్చి చూశాడు, కుడికి పోనిచ్చి చూశాడు. అలా ఐదు చోట్ల, కాల్ ఎక్కడ ఆగిపోతోందో అక్కడ టవరుకు ఎంత దూరమో రాసుకున్నాడు. ఐదింటికీ ఒకటే వచ్చింది, ఐదు కిలోమీటర్లు. నవ్వు ఆగిపోయింది. సిగ్నల్ దానంతటది సన్నగిల్లితే ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఎలుక కొరికిన గుడ్డలా ఆగుతుంది. ఇంత తీరుగా గీత గీయాలంటే ఎవరో ఒక మనిషి అంకె కొట్టి ఉండాలి.

ఆఫీసుకు వచ్చి ఆ టవరు సెట్టింగులు తెరిచాడు. ఎంత దూరంలోని ఫోన్లను లోపలికి రానివ్వాలి అన్న గడిలో ఐదు అని ఉంది. అది ఊరి మధ్య టవర్లకు పెట్టే అంకె. టవరు నిలబెట్టిన రోజు ఎవరో పాత కాగితం చూసి దించేశారు. పక్క గడిలో పెట్టినవారి పేరుంది. అది ఆయన పేరే.

ఆ పేరును రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత ఐదును పదిహేను చేశాడు. అర నిమిషం పట్టింది.

సూపర్‌వైజరు వచ్చి చూసి, "సరిచేశాం అని రాసి మూసెయ్యి. పెట్టింది ఎవరని అడిగేవాడెవడు?" అన్నాడు. మంచి సలహాయే. ఆదివారం పడవెక్కినప్పుడు టవరాయన దాన్ని కూడా వెంటబెట్టుకునే వెళ్ళాడు.

అక్క గుమ్మం ముందు బట్టలు ఆరేస్తోంది.

"అక్కా, ఆ రోజు నువ్వన్నది నిజమే. కాల్ పోలేదు."

"నాకు తెలుసు" అంది, తీగ మీంచి కళ్ళు తిప్పకుండా. నాలుగేళ్ళ తర్వాత ఆమె అన్న మొదటి మాట అది.

"అది చెబుదామనే..."

"నాకు తెలిసింది నాకు చెప్పడమెందుకు? నలుగురిలో అన్నావు, నలుగురిలో చెప్పు."

కబురు పెడితే పెదనాన్న వచ్చాడు, అత్తగారు వచ్చింది, పక్కింటాయన వచ్చాడు. బావ కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. టవరాయన ముందుగదిలో నిలబడి, వాళ్ళకు అర్థమయ్యేట్టు చెప్పాడు.

"ఫోన్ నేరుగా టవరుతో మాట్లాడలేదు పెదనాన్నా. ముందు నేనొచ్చానని ఈల వెయ్యాలి. అరవై నాలుగు రకాల ఈలలుంటాయి. చీటీ తీసినట్టు ఏదో ఒకటి తీసి వేస్తుంది. ఫలానా ఈల వేసినవాడా, రా అంటుంది టవరు. ఇద్దరు ఒకే ఈల వేస్తే ఒకరికే తలుపు తీస్తుంది, రెండోది కాసేపాగి మళ్ళీ వేసుకోవాలి. ఈల ఎంతసేపట్లో చేరాలో టవరుకు ముందే ఒక గడువు చెప్పి పెడతాం. మన టవరుకు ఐదు కిలోమీటర్లకు సరిపడేదే పెట్టి ఉంది, నీళ్ళ మీద ఐదు చోట్ల కొలిచి చూశాను. దూరం నుంచి ఆలస్యంగా చేరితే టవరు దాన్ని ఇంకో ఈల అనుకుంటుంది. పదహారో ఈల వేస్తే పదిహేడోదాన్ని రమ్మంటుంది. పిలిచింది నన్ను కాదులే అని ఫోన్ ఇంకాస్త గట్టిగా వేస్తుంది. అక్క చేసిన గంటసేపూ జరిగింది అదే. లోపలికే రాలేదు గనక రికార్డులో ఎక్కలేదు."

"గీతలు మరి?" అంది అత్తగారు.

"గీతలంటే టవరు మాట మనకు వినబడడం అత్తయ్యా. మన మాట దానికి చేరిందని కాదు."

పెదనాన్న గడ్డం గోక్కున్నాడు. "బాగుంది. ఇంతకీ ఆ గడువు తక్కువ పెట్టిన వెధవ ఎవడు?"

సూపర్‌వైజరు సలహా నాలుక చివరే ఉంది. యంత్రంలో పొరపాటు అంటే చాలు, ఆ గదిలో కాదనగలిగిన మనిషి లేడు. బావ ఆయన వైపే చూస్తున్నాడు, ఎడమచేత్తో కుడిచెయ్యి పట్టుకుని.

"నేనే పెదనాన్నా. ఆ అంకె పెట్టింది నేనే."

పెదనాన్న తల దించుకున్నాడు. టవరాయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోడానికి సిగ్గేసింది.

అక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "నీ అంకె తప్పని తేల్చుకోడానికి ఐదు చోట్ల కొలుచుకున్నావు" అంది. గొంతు పెంచలేదు. "నా మాట అబద్ధమని తేల్చడానికి మాత్రం, ఒక్కసారి మా ఇంటికొచ్చి ఫోన్ చేసి చూడలేదు."

 

ఇప్పుడు అవతలి గట్టు నుంచి కాల్స్ బాగానే వస్తున్నాయి. అక్క కూడా చేస్తుంది. ఆయన మొదటి రింగుకే ఎత్తుతాడు. బావ నాలుగడుగులు వేశాడనో, కప్పు కారుతోందనో, మందులైపోయాయనో చెబుతుంది. మామూలుగానే మాట్లాడుతుంది. చెప్పాల్సింది చెప్పాక, పెట్టేసే ముందు, ప్రతిసారీ ఒక మాట అంటుంది:

"కావాలంటే వచ్చి చూసుకో."