కాశీలో వదిలిన పులస

కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనదేదో ఒకటి గంగలో వదిలి రావాలంటారు. లోకం తెలివైనది, ఏ కాకరకాయో బచ్చలికూరో వదిలేసి చేతులు దులుపుకుంటుంది. యానాంలో గోదావరి ఒడ్డున చేపల హోటల్ నడుపుకునే చంద్రరావుకి ఆ తెలివి లేకపోయింది. భార్య మాణిక్యాంబ అస్థికలు నీళ్లలో కలిపి లేచేసరికి, ఏం వదులుతావని పంతులుగారు అడిగారు. ఆమె చేతి వంట తప్ప ఆ నిమిషాన అతనికి మరేదీ తోచలేదు. పులస అనేశాడు.

ఊరొచ్చాక గానీ తానేమన్నాడో తెలిసిరాలేదు.

హోటల్ ఉన్నది ఫ్రెంచి దొరల నాటి ఉప్పుకొట్టులో. మూరెడు మందం గోడలు ముసురు పడితే ఇంకా ఉప్పు చెమర్చేవి. వెనక తలుపు తీస్తే మెట్లు నేరుగా ఏట్లోకి దిగేవి. చంద్రరావు తండ్రి ఆ కొట్టు కొని నాలుగు బల్లలు వేశాడు. పేరు మాత్రం మాణిక్యాంబ పులుసుతోనే వచ్చింది. వరదకి ఎర్రనీరు వచ్చి పులసలు ఏటికి ఎదురెక్కే రోజుల్లో తుని నుంచీ రాజమండ్రి నుంచీ కార్లు వచ్చి ఆగేవి.

ఆమె పోయాక ఒక బ్రాందీ షాపు ఆసామి కొట్టు అద్దెకిమ్మని తిరగడం మొదలుపెట్టాడు. చంద్రరావు సగం ఒప్పుకున్నాడు. కూతురు సాయిప్రసన్న ఒప్పుకోలేదు.

"ఈ ఏడు పులస నేను వండుతాను. అమ్మ పులుసులా కుదరకపోతే తాళాలు ఆయనకే ఇచ్చెయ్ నాన్నా."

సరేనన్నాడు.

ఆషాఢం చివర్లో చిట్టెమ్మ తట్టలో మొదటి పులస తెచ్చింది. ఆ కొట్టుకి మొదట్నించీ చేపలు పోసేది ఆవిడే.

"పుస్తెలమ్మయినా పులస తినాలంటారు గదా తమ్ముడూ. నువ్వేంటి, పున్నేనికి వదిలేసి వొచ్చావు?"

"నోరు జారిందక్కా."

"జారితే వంకాయ మీద జారాలి గానీ."

మాణిక్యాంబ పోయాక చంద్రరావు నవ్వడం అదే మొదలు.

సాయిప్రసన్న మట్టి దాకలో పులుసు పెట్టింది. గరిటె తగిలితే ముక్క విరిగిపోతుందని, గుడ్డతో దాక అంచులు పట్టుకుని తిప్పింది. వాసన వసారా దాకా వచ్చింది. చంద్రరావు గల్లాపెట్టె దగ్గర్నుంచి కదల్లేదు.

"ఉప్పు చూడు నాన్నా."

"నువ్వే చూసుకోమ్మా. నేను వదిలేశాను గదా."

"నేను తిన్నదంతా రాత్రంతా ఊరిన మర్నాటి పులుసు. పొయ్యి మీద ఎలా ఉండాలో నాకేం తెలుసు? అమ్మ ఎప్పుడూ నీకే వేసేది."

నిజమే. మాణిక్యాంబ తన పులుసు తాను ఏనాడూ రుచి చూసుకోలేదు. "ఏవండీ, ఒకసారి ఇలా రండి" అని పిలిచి, అతని అరచేతిలో ఒక చుక్క వేసేది. అతను ఏం చెబితే అది చేసేది. ఊరంతా ఆమె చేతి చలవ అనుకున్న ఆ రుచిలో సగం అతని నాలుకదే. ఆ మాట ఆమె ఎవరితోనూ అనలేదు. అతనికీ ఎన్నడూ తోచలేదు.

"గంగ ఒడ్డున అన్న మాట తల్లీ."

"నువ్వొదిలింది తినడం. ఉప్పు చూడ్డం అమ్మ నీకిచ్చిన పని. అది కూడా వదలమని పంతులుగారేమన్నా అడిగారా?"

చంద్రరావు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. వెనక తలుపులోంచి ఎర్రనీరు మెట్లను ఒరుసుకుంటూ పోవడం కనిపిస్తోంది. కాసేపు అటే చూసి, అరచెయ్యి చాపాడు.

చుక్క వేడిగా పడింది. నాలుకకి తాకించుకుని కళ్లు మూసుకున్నాడు.

"నాన్నా?"

"చింతపండు చాల్లేదు. ఇంకాస్త పిసుకు." కళ్లు తెరిచాడు. "మీ అమ్మకీ మొదట్లో పులుపు చాలేది కాదు."

ఆమె పిసికింది. ఈసారి అడక్కుండానే చెయ్యి చాపాడు. చప్పరించి, పొయ్యిలోని కట్టె తానే వెనక్కి లాగాడు.

సాయంత్రం బ్రాందీ షాపు ఆసామి వచ్చాడు.

"ఏవండీ చంద్రరావుగారూ, తేల్చారా?"

"రేపు రండి."

ఆయన మొహం వికసించింది. "తాళాలు రేపిస్తారన్నమాట."

"తాళాల సంగతి కాదండి, పులుసు సంగతి. పులస వండిన రోజు తినకూడదు గదండి. రేపు మధ్యాహ్నం భోజనానికి రండి."