పంతులమ్మ కుర్చీ

మా నాన్నకు పటాన్‌చెరులో కొత్తగా పెట్టిన ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ. ఉన్నది ఒక్క గది కాబట్టి, పగలు ఆయన నిద్ర చెడకుండా చంటి తమ్ముణ్ణి నేనే బయట ఎత్తుకుని తిప్పేదాన్ని. అలా మూడో తరగతిలో నా బడి ఆగిపోయింది.

పిల్లలు రాకపోతే మా పంతులమ్మ ఇంటికే వచ్చేవారు. ఎందుకు రాలేదని అడిగేవారు కాదు. తల్లి చేతిలో పని అందుకునేవారు. మా అమ్మ పక్కన చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, లోపల నాన్న గురక విన్నారు.

"ఈన్ని గూడ బడికి తోల్కరా బిడ్డా, నా కుర్చీల పండుకుంటడు," అన్నారు నాతో, నా చంకలోని తమ్ముణ్ణి చూపిస్తూ, గుసగుసగా.

ఆ ఏడాదంతా వాడు కుర్చీలో పడుకుంటే ఆమె నిలబడే పాఠాలు చెప్పారు. తనిఖీకొచ్చిన ఇన్‌స్పెక్టరు వాణ్ణి చూసి గొంతు పెంచాడు.

"జెర మెల్లగ సారూ! ఈడు లేస్తే వాళ్లక్క సదువు ఆగుతది."

ఆయన కూడా నిలబడే మా పలకలు చూసి, చప్పుడు కాకుండా వెళ్లిపోయాడు.